‘మొదట’ అంటే వరుసా, బేరమా? – మత్తయి 6:33 పాఠం తయారీ

మహేంద్రతనయ_ఒడ్డు (పర్లాకిమిడి)

అందరికీ వందనాలు. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు తెలుగు సంఘాల ఇళ్ల కూటాలకు నాలుగు వారాల పాఠం రాస్తున్నాం. మూల వాక్యం మత్తయి 6:33. చిక్కేటంటే, “ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి” అన్న సగం ఎవరికీ గుర్తుండదు. “అవన్నియు మీకనుగ్రహింపబడును” అన్న సగం మాత్రం గోడ క్యాలెండరు ఎక్కుతుంది. దేవుణ్ణి ముందు పెట్టడమంటే తర్వాత వచ్చేదానికి అడ్వాన్సు కట్టడమన్నట్టు తయారైంది.

నాకు కావలసినవి: ‘అవన్నీ’ అంటే ఏవి? దశమభాగం (రాబడిలో పదో వంతు కానుక) గురించి కౌలు రైతు అడిగితే ఏం చెప్పాలి? కోత పండుగకు కానుకగా తెచ్చిన సరుకుల వేలాన్ని, డిసెంబరు 31 రాత్రి కూటంలో ఒక్కొక్కరు తీసుకునే వాగ్దాన వచనాల కార్డుల్ని తీసెయ్యాలా, సరిదిద్దుకోవాలా? సొంత సాక్ష్యాలు వద్దు. వాటికి వేరే చర్చ నడుస్తోంది. పాఠంలో పెట్టుకోడానికి పనికొచ్చేవి రాయండి.

గుణుపూర్_మాస్టారు

మొదటి ప్రశ్నకు జవాబు ఆ అధ్యాయంలోనే ఉంది తమ్ముడూ. 25వ వచనం నుంచి చదివించు. ఏం తినాలి, ఏం తాగాలి, ఏం కట్టుకోవాలి. 31లో మళ్లీ అవే మూడు. 32లో “ఇవన్నియు మీకు కావలెనని మీ పరలోకపు తండ్రికి తెలియును”. ఆ ‘ఇవన్నీ’యే 33లో ‘అవన్నీ’. కూడు, నీళ్లు, గుడ్డ. స్లాబు ఇల్లు, విదేశీ వీసా ఆ పట్టీలో లేవు. వాటిని అడగకూడదని కాదు. ఈ వచనాన్ని వాటికి హామీ పత్రంగా చూపించకూడదని.

ఇంకో రెండు పట్టుకో. గ్రీకులో ‘వెదకుడి’ అన్నది ఒక్కసారి చేసి ఊరుకునే పని కాదు, వెదకుతూ ఉండండని. అలాగే ఇదే మాట లూకా 12:31లో వచ్చినప్పుడు ‘మొదట’ అన్న పదమే లేదు. “ఆయన రాజ్యమును వెదకుడి” అంతే. అంటే మొదట రాజ్యం, రెండోది బండి, మూడోది పొలం అని చిట్టా రాసుకోమని చెప్పడం లేదు. లూకాలో రెండు వచనాలు దిగితే (12:33) “మీకు కలిగినవాటిని అమ్మి ధర్మము చేయుడి” అని ఉంటుంది. ఆ వచనం మీద క్యాలెండరు అచ్చేసినవాళ్లు కనిపించరు.

మొదటి వారం పాఠానికి ఒక పని చెప్తాను. అదే అధ్యాయంలో ప్రభువు నేర్పిన ప్రార్థన ఉంది. నల్లబల్ల మీద అడుగులుగా రాయించు. నీ నామం, నీ రాజ్యం, నీ చిత్తం, ఈ మూడూ అయ్యాకే రొట్టె. రొట్టె తర్వాత క్షమాపణ, శోధన, కీడు. అంటే రొట్టె నాలుగోది, అదీ ‘నేడు’ తినేంత. ఇప్పుడు కూటంలో అరగంట ప్రార్థన జరిగితే ఏ అంశానికి ఎన్ని నిమిషాలు పోయిందో ఎవరో ఒకరు గడియారం పెట్టుకుని రాయాలి. తిట్టక్కర్లేదు, ఆ కాగితం చదివితే చాలు.

ఇచ్ఛాపురం_గేటు

మాస్టారు చెప్పింది బాగుంది గానీ, హగ్గయి మొదటి అధ్యాయం చూపించి “మందిరాన్ని పక్కన పెట్టారు, అందుకే పంట పోయింది, ముందు మందిరానికి ఇవ్వండి, పంట వస్తుంది” అని చెప్పేవాళ్లకు ఏం జవాబు చెప్తారు? విస్తారంగా విత్తినా కొంచెమే పండింది, కూలి డబ్బులు చినిగిన సంచిలో పడ్డాయి అని స్పష్టంగానే ఉంది కదా.

గుణుపూర్_మాస్టారు

తేదీలు చూడు నాయనా. హగ్గయి తేదీలు వేసి మరీ రాసిన ప్రవక్త. పారసీక రాజు దర్యావేషు ఏలుబడిలో రెండో సంవత్సరం, అంటే క్రీస్తుపూర్వం 520. ఆరో నెల 24న జనం మందిరం పని మొదలుపెట్టారు (1:15). దానికి ముందు వాళ్లు విన్న వాగ్దానం ఒక్కటే, “నేను మీకు తోడుగా ఉన్నాను” (1:13). పంట ఊసు లేదు. తొమ్మిదో నెల 24న, సరిగ్గా మూడు నెలలకి, “కొట్లలో ధాన్యమున్నదా?” అని ప్రవక్తే అడుగుతున్నాడు (2:19). తీగెలు, అంజూరాలు, దానిమ్మలు, ఒలీవలు ఏవీ కాయలేదు. ఆ రోజున గానీ ‘ఇది మొదలుకొని ఆశీర్వదిస్తాను’ అన్న మాట రాలేదు. మూడు నెలలు ఖాళీ కొట్టుతోనే రాళ్లు మోశారన్నమాట. పైగా ఆ గద్దింపు ఒక దేశం మొత్తానికి వచ్చింది. పొరుగోడి పొలం ఎండితే వాడి భక్తిని కొలిచే బద్ద కాదది.

నాగావళి_అక్క (రాయగడ)

రెండో వారానికి యోబు పెట్టండి. సాతాను వేసిన ప్రశ్నే మీ పాఠం మొత్తం: “యోబు ఊరకయే దేవునియందు భయభక్తులు కలవాడాయెనా?” (1:9). ఆ ‘ఊరకయే’ అన్న హెబ్రీ మాట ‘హిన్నాము’. 2:3లో దేవుడు అదే మాట తిప్పి వాడతాడు, యోబును ‘నిష్కారణముగా’ పాడుచేయడానికి నువ్వు నన్ను ప్రేరేపించావని. తెలుగులో రెండు చోట్లా రెండు మాటలు పడ్డాయి గనుక ఆ ముడి కనపడదు. వాడి వాదమల్లా, కంచె, పశువులు, పిల్లలు లేకపోతే మనిషి దేవుణ్ణి వదిలేస్తాడని. అంటే భక్తి అంతా వ్యాపారమే అని. మనం కూటంలో ‘ఇన్ని ఉపవాసాలున్నాం, పిల్లాడికి ఉద్యోగం రాలేదు’ అని లెక్క చెప్పినప్పుడు వాడి వాదానికి సాక్షులమవుతున్నాం.

దాని పక్కన దానియేలు 3:18 పెడితే పిల్లలకు కూడా అర్థమవుతుంది. అగ్నిగుండం ముందు ముగ్గురు యువకులు రాజుతో అన్న మాట: మా దేవుడు రక్షించ సమర్థుడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం. ఆ ‘ఒకవేళ’ని బోర్డు మీద పెద్దక్షరాలతో రాయండి. హబక్కూకు చివర కూడా అదే, అంజూరపు చెట్లు పూయకపోయినా, శాలలో పశువులు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తానని. మన రైతులకు ఆ వచనం విడమరచి చెప్పక్కర్లేదు. తుపాను కొట్టిన ఏడు చదివితే చాలు.

కొండదారి

ఇంతవరకు అందరూ బాగా రాశారు. నాకు ఒక చోట గుచ్చుకుంటోంది.

మన జిల్లాల్లో సవర, కుయి గిరిజనుల ఇళ్ల నుంచి వచ్చేవాళ్లలో చాలామంది జ్వరం పట్టుకుని, బిడ్డ బతకాలని, బాకీ తీరాలని వస్తారు. వాళ్ల ఎదుట నిలబడి “లాభం కోసం దేవుణ్ణి వెదకకండి” అనడం జీతం రాళ్లున్నవాళ్లకు సులువు. గుడ్డివాడైన బర్తిమయి కళ్ల కోసమే అరిచాడు. ప్రభువు అతన్ని ‘నేను నీకేమి చేయగోరుచున్నావు?’ అని అడిగాడే గాని (మార్కు 10:51) నీ ఉద్దేశం స్వచ్ఛమైనదేనా అని అడగలేదు. పదిమంది కుష్ఠరోగుల్లో తొమ్మిదిమంది తిరిగి రాలేదు. బాగుచేసిన వొంటిని వెనక్కి తీసుకోలేదు. అవసరానికీ, ఆశపోతుతనానికీ గీత గీయకపోతే మీ పాఠం పేదోణ్ణే కొడుతుంది.

మహేంద్రతనయ_ఒడ్డు

అన్నా, ఇది కావాలి. ఆ గీత ఎక్కడ గీయాలో మీరే చెప్పండి.

కొండదారి

యోహాను 6లో ఉంది. ముందు అన్నం పెట్టాడు, అయిదు యవల రొట్టెలు, రెండు చేపలు, మగవాళ్లే సుమారు 5000 మంది. ఆకలితో ఉన్నప్పుడు పాఠం పెట్టలేదు. మరుసటి రోజు వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చినప్పుడు అడిగాడు. రొట్టెలు తిని తృప్తి పొందారు గనుక వెదకుతున్నారు తప్ప, సూచనల్ని చూసి కాదని (6:26). ఆ అధ్యాయం చివర చాలామంది వెళ్లిపోయారు. ఆయన ఆపలేదు, రొట్టెలు ఇంకోసారి పంచి పట్టుకోలేదు కూడా.

కాబట్టి గీత అడగడం దగ్గర కాదు, ఇవ్వనప్పుడు ఏం చేస్తామన్న దగ్గర. ఇంకో గీత బోధకుడి వైపు ఉంది. పేదోడు అడిగితే అది ప్రార్థన. ఆ అవసరానికి రేటు కట్టినవాడిది సీమోను పని (అపొస్తలుల కార్యములు 8). సీమోను పరిశుద్ధాత్మ వరాన్ని డబ్బిచ్చి కొనబోయాడు. ఎలీషా పనివాడు గేహజీ తీసుకున్నాడు, రెండు తలాంతుల వెండి, రెండు దుస్తులు. కుష్ఠు బాగైన నయమాను దగ్గర ఎలీషా ఏమీ ముట్టని చోట. పాఠంలో ముందు బోధకుణ్ణి నిలదీయండి, తర్వాత జనాన్ని.

నాగావళి_అక్క

ఒప్పుకుంటున్నాను అన్నా. యోబు పాఠంలో ఆ ఉద్యోగం మాట మార్చి రాస్తాను.

మందులసంచి

స్వస్థత మాట వచ్చింది గనుక. ఇది పాఠంలో తప్పకుండా పెట్టండి, ప్రాణాలతో పని.

కొరాపుట్, రాయగడ, మల్కనగిరి వైపు మలేరియాలో ఫాల్సిపారం అనే రకం ఎక్కువ. దానికి ఇచ్చే ఆర్టీమిసినిన్ మందుల కోర్సు 3 రోజులు. మొదటి రోజు మాత్ర పడగానే చాలామందికి జ్వరం దిగుతుంది. ఆ రాత్రే కూటంలో సాక్ష్యం, మిగతా మాత్రలు గూట్లో. రక్తంలో మిగిలిన పురుగు మళ్లీ లేస్తుంది, ఈసారి ముదిరి. అప్పుడు “విశ్వాసం తగ్గింది” అని రోగినే అంటారు. తగ్గింది మాత్రలు.

క్షయకు మామూలుగా 6 నెలలు. రెండో నెలకి దగ్గు తగ్గుతుంది, ఒళ్లు చేస్తుంది. అక్కడ ఆపితే మందులకు లొంగని క్షయగా మారే ప్రమాదం ఉంది, అది ఇంట్లో పిల్లలకూ అదే రూపంలో అంటుతుంది. మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. నిక్షయ్ పోషణ్ యోజన కింద తిండికి నెలకు ఇచ్చేది 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా మానితే ఫిట్సు ఆగకుండా వస్తాయి. సికిల్ సెల్ పిల్లలకు రాసిన మందు కూడా అంతే, నొప్పి లేదని ఆపేది కాదు.

వాక్యం కావాలా? హిజ్కియాకు 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడు మాట ఇచ్చాక కూడా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టారు (యెషయా 38). పౌలు తిమోతికి కడుపు కోసం ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడు. త్రోఫిమును మిలేతులో జబ్బుతోనే విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). యాకోబు 5:14 నూనె గురించి చెప్పేవాళ్లు వచనం పూర్తిగా చదవాలి. రోగి పిలిస్తే పెద్దలు, ఒకరు కాదు, ఇంటికి వెళ్లాలి. రోగిని స్టేజీ దగ్గరికి మోసుకెళ్లడం, సీసా కొనిపించడం అందులో లేవు.

సంఘం చేయాల్సింది ఒకటే. ప్రార్థన చేసినవాళ్లే మాత్రల చీటీ చూసి, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి రావాలి. సాక్ష్యం మూడో రోజు మాత్ర మింగాకే.

ఇచ్ఛాపురం_గేటు

ఆ చివరి మాట బాగుంది. ఇక దశమభాగం. మలాకీ 3:10 (పదియవ భాగమంతా మందిరపు నిధిలోకి తెస్తే పట్టజాలనంత దీవిస్తానన్న వచనం) లేకుండా మన దగ్గర ఏ కూటమూ ముగియదు.

లెక్కపద్దు (బరంపురం)

మలాకీ 3:10 చెప్పేవాళ్లు 3:5 చదవరు. అక్కడ దేవుడు తీర్పుకు వచ్చేది ఎవరి మీద? కూలివాని కూలి బిగబట్టినవాళ్ల మీద, విధవరాండ్రను, తండ్రిలేనివాళ్లను బాధపెట్టినవాళ్ల మీద, పరదేశికి అన్యాయం చేసినవాళ్ల మీద. జీడిపప్పు పనివాళ్ల కూలి పది రోజులు తొక్కిపెట్టి ఆదివారం కవరులో పదో వంతు వేస్తే, ఆ కవరులో సగం ఆ కూలిదే. ద్వితీయోపదేశకాండం 24:15 ప్రకారం కూలి పొద్దు వాలకముందే ఇవ్వాలి. దేవుణ్ణి మొదట పెట్టడమంటే ఆ రోజున కవరు కంటే కూలి ముందు.

ఇక పదియవ భాగం ఎక్కడికి పోయేదో చూడండి. సంఖ్యాకాండం 18లో భూమి లేని లేవీయులకు. ద్వితీయోపదేశకాండం 14లో ఇంటిల్లిపాదీ యెహోవా సన్నిధిని తినడానికి. మూడేసి ఏళ్లకోసారి ఊళ్లోనే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేనివాళ్లకు, విధవలకు. అదంతా ధాన్యం, ద్రాక్షారసం, నూనె, మంద. ‘మందిరపు నిధి’ అంటే గాదె. డబ్బు పెట్టె కాదు. ఆ గాదెలో తోబీయా అనే పెద్దమనిషికి గది ఇచ్చేశారు. లేవీయులకు తిండి అందక పొలాలకు పోయారు. నెహెమ్యా వచ్చి అతని సామాను బయట పారేసి, కొట్ల మీద నలుగురిని పెట్టాడు, ఒక యాజకుడు, ఒక శాస్త్రి, ఒక లేవీయుడు, వాళ్ల చేతికింద ఇంకొకరు (13:4–13). నమ్మకస్తులని పేరున్నవాళ్లను. జనం ఇవ్వకపోవడం ఒక్కటే తప్పు కాదు, గాదె తాళం ఎవరి దగ్గరుందన్నది రెండోది.

కౌలు రైతు లెక్క. ఊహకి 20 బస్తాలు పండాయనుకోండి. సగపాలు గనుక 10 భూస్వామికి. మిగిలిన పదిలో కోత, నూర్పు కూలికి 2, ఎరువుల కొట్టు బాకీకి 3. చేతికి మిగిలింది 5. ఇరవైలో పదో వంతు 2 బస్తాలు అడిగితే అతని చేతిలో ఉన్నదాంట్లో 40 శాతం పట్టుకుపోతున్నట్టు. భూస్వామి తన పది బస్తాల మీద ఒకటి ఇస్తే అతనికి మిగిలేది 9. పౌలు కొలత వేరు: కలిమి కొలదే ప్రీతికరం, శక్తికి మించినది కాదు (2 కొరింథీయులకు 8:12). సణుక్కుంటూ గాని, బలవంతంగా గాని ఇవ్వకూడదు (9:7). ఆ రైతు 5 బస్తాల్లో తన హృదయంలో నిశ్చయించుకున్నంత తీసి పెట్టనీయండి.

అప్పు తెచ్చి ‘విత్తనం’ (నూరంతలు తిరిగొస్తుందని ఆశపెట్టి తీసుకునే కానుక) వేయించడం మాత్రం నేరుగా పాపమనే రాయండి. మహిళా సంఘం అప్పుకు వాయిదాలుంటాయి. పదిమంది గుంపులో ఒకావిడ కట్టకపోతే మిగతావాళ్ల మీద పడుతుంది. ఆవిడ కానుక తొమ్మిదిమంది పొరుగువాళ్ల జేబులోంచి వచ్చినట్టే. విత్తువాని ఉపమానంలో విత్తనం దేవుని వాక్యం (లూకా 8:11), డబ్బు కాదు. నూరంతలు అని మార్కు 10:30లో ఉన్నచోట ‘హింసలతో పాటు’ అని కూడా ఉంది.

ఇచ్ఛాపురం_గేటు

ఖర్చులు తీసేసి మిగిలినదాంట్లో ఇవ్వమంటే పిసినారి చివరికి ఏమీ మిగలలేదంటాడు లెక్కపద్దు గారూ. సామెతలు 3:9 ‘రాబడి అంతటిలో ప్రథమఫలము’ అంటోంది. ప్రథమం అంటే ముందు తీయడం. మిగిలింది ఇవ్వడం ఆఖరిఫలం అవుతుంది.

లెక్కపద్దు

నిజమే, అక్కడ మీరు గెలిచారు. ఎంత అన్నది శక్తి కొలది, ఎప్పుడు అన్నది మొదట. పౌలు కూడా ‘ప్రతి ఆదివారమున’ తీసిపెట్టుకోమన్నాడు (1 కొరింథీయులకు 16:2), తాను వచ్చినప్పుడు చందా పోగు చేయకుండా. రాశి పోసిన రోజునే, బస్తాలు కుట్టకముందే కుంచెడు పక్కకి తీసి పెడితే అది ప్రథమఫలం. బాకీలు తీరాక పెంచుకోవచ్చు.

ప్రాణహిత (సిరోంచ)

గోదావరి ఇవతల మేమూ ఇదే చదువుతున్నాం. మరాఠీ, తెలుగు, గోండి కలిసిన సంఘాల్లో ఇదే గొడవ. పిడికెడు బియ్యం సంగతి ఎవరూ రాయలేదేం? ‘మొదట’ అన్నదాన్ని చేత్తో నేర్పడానికి అంతకంటే మంచి సాధనం లేదు. మిజోరంలో వందేళ్లకు పైగా ఆడవాళ్లు దీనితోనే సేవ నడిపించారు.

నాగావళి_అక్క

నేను రాద్దామనుకుంటున్నాను, నువ్వే అడిగావు.

ఎసట్లో బియ్యం పోయకముందు, కడగకముందు, కొలిచిన గిన్నెలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయాలి. వండాక మిగిలిన అన్నం కాదు. బియ్యం తక్కువున్న రోజున చిన్న పిడికిలి, అంతే, మానడం లేదు. ఆడమనిషి పిడికెడు సుమారు 40 గ్రాములు. రెండు పూటలా తీస్తే నెలకు రెండున్నర కిలోలు దాకా. ఇరవై ఇళ్లంటే సుమారు 50 కిలోలు, ఒక బస్తా. ముసలివాళ్లుండే మూడు ఇళ్లకు నెల గడుస్తుంది.

ఎక్కడ చెడుతుందో చెప్తాను. ఒకటి, వానాకాలంలో ముక్కపురుగు. తడి చేత్తో తీస్తే ఉండకట్టి బూజు పడుతుంది. మూత బిగుసుకునే స్టీలు డ్రమ్ము, అడుగున బాగా ఎండిన వేపాకు. ఏ నెల బియ్యం ఆ నెలలోనే పంచేయాలి, నిల్వ పెట్టుకుని గొప్ప చూసుకోకూడదు. మన్నా కథ గుర్తుందిగా, తెల్లారేసరికి పురుగు పట్టింది.

రెండు, మన సరిహద్దు తంటా. ఒడిశా వైపు ఇళ్లలో ఉప్పుడు బియ్యం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ల ఇళ్లలో పచ్చి బియ్యం. రెండూ ఒకే డ్రమ్ములో కలిపితే పచ్చిది మెత్తగా జావైపోతుంది, ఉప్పుడుది పలుకు మీదుంటుంది. ఇచ్చినవాళ్లకు పుణ్యం, తినేవాళ్లకు శిక్ష. రెండు డ్రమ్ములు పెట్టండి. మూడు, దీన్ని వేలంలో అమ్మకండి. అందులో రేషను బియ్యం ఉంటుంది, అది అమ్మకూడనిది. తినేవాళ్లకే చేరాలి.

ఎవరింటి నుంచి ఎంతొచ్చిందో కొలిచి చదవవద్దు. కొలిచారంటే మర్నాటి నుంచి పిడికిలి మనుషుల కోసం పెద్దదవుతుంది.

మహేంద్రతనయ_ఒడ్డు

మూడో వారం మొత్తం ఇదే పెడుతున్నాను అక్కా. వేలం సంగతి?

లెక్కపద్దు

వేలంలో చెడ్డ లేదు, మైకులో ఉంది. గుమ్మడికాయ 80 రూపాయల సరుకు. ఇద్దరు పెద్దమనుషుల పంతానికి 3000 దాకా పోతుంది, అప్పు రాసుకుంటారు, క్రిస్మస్ దాటినా వసూలు కాదు, తర్వాత ఆ కుటుంబం గుడికి రావడం మానేస్తుంది. మళ్లీ విధవరాలు తెచ్చిన నాలుగు వంకాయల్ని ఎవరూ పాడరు. ఆవిడ ఎదుటే అవి బల్ల మీద వాడిపోతాయి.

చీటీ వేలం పెట్టండి. ప్రతి వస్తువు దగ్గర ఒక డబ్బా, పేరు, మొత్తం రాసి వేస్తారు, ఎక్కువ రాసినవాళ్లకు వస్తువు, డబ్బు అక్కడికక్కడ. మైకులో చదివేది మొత్తం మాత్రమే. చిన్న కూరగాయలన్నీ కలిపి ఒకే బుట్టగా కట్టండి. ‘నీ కుడిచెయ్యి చేయునది’ ఎడమచేతికి తెలియకూడదన్న వచనం గోడ మీద రాసి, దాని కిందే దాతల పేర్ల పాలరాయి పెట్టే అలవాటు గురించి నేను మాట్లాడను.

పెట్టె లెక్క. చుట్టాలు కాని ఇద్దరు, గుడిలోనే, తలుపులు తీసి ఉండగా లెక్కపెట్టాలి. ఏ నోట్లు ఎన్నో చీటీ మీద రాసి ఇద్దరూ సంతకం చేసి, సోమవారం బ్యాంకు. పౌలు చందా మోసేటప్పుడు తోడుగా సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని పెట్టుకున్నాడు, ఎవరూ తప్పు మోపకూడదని (2 కొరింథీయులకు 8:18–21). పౌలుకే అవసరమైంది.

ఫోన్‌పే, గూగుల్‌పే స్కానరు అతికించేటప్పుడు ఒకటి చూడండి. స్కాన్ చేయగానే తెర మీద వచ్చే పేరు సంఘానిదా, ఒక మనిషిదా? మనిషి పేరైతే ఆ డబ్బు చట్టం దృష్టిలో ఆ మనిషి ఖాతా జమ. రిజిస్టరైన సొసైటీ, దాని పాన్, దాని పేర ఖాతా, ఇద్దరి సంతకంతో నడిచేది, అప్పుడే స్కానరు. విదేశాల నుంచి వచ్చే కానుక ఈ ఖాతాలో పడకూడదు. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా వేరే ఉండాలి. పాస్టరుగారి జీతం మాత్రం చిన్నతనం చేయకండి. నెలకు ఇంతని నిర్ణయించి పద్దులో రాసి ఇస్తే ఆయన కానుకల వేటకు దిగే అవసరం తప్పుతుంది.

గుణుపూర్_మాస్టారు

వాగ్దాన కార్డుల గురించి. తీసెయ్యవద్దు. వాచ్‌నైట్‌లో, అంటే ఆ డిసెంబరు 31 రాత్రి కూటంలో, ముసలమ్మలు వణుకుతూ పళ్లెంలోంచి కార్డు తీసే ఆ క్షణాన్ని మనం పాడుచేయకూడదు. కానీ పళ్లెంలో ఏం వేస్తున్నామన్నది చూడాలి.

యిర్మీయా 29:11 తప్పకుండా ఉంటుంది. ‘సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు’. దాని ముందు వచనం 70 ఏళ్ల చెర. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే కన్నుమూసి ఉంటారు. 3 యోహాను 2 ఉంటుంది, అన్ని విషయాల్లో వర్ధిల్లమని. అది ఉత్తరం మొదట్లో రాసే కుశలప్రశ్న, ఆ రోజుల్లో గ్రీకు ఉత్తరాలు చాలావరకు అలాగే మొదలయ్యేవి.

ఇలా చేయండి. మందం అట్ట ఏ4 షీటుకి విజిటింగు కార్డు కొలతలో (9 సెంటీమీటర్లు, అయిదున్నర) 10 కార్డులు వస్తాయి. వంద మందికి 10 షీట్లు, పన్నెండు తెచ్చుకోండి, కోతలో కొన్ని పోతాయి. పదింటిలో నాలుగు వాగ్దానాలు, నాలుగు ఆజ్ఞలు, రెండు విలాపాలు. కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలే, మరి పళ్లెంలో ఒక్కటీ ఉండదేం? 88వ కీర్తన ‘చీకటి’ దగ్గర ఆగిపోతుంది, ఓదార్పు లేకుండానే. ఆ ఏడు భర్తను పోగొట్టుకున్నావిడ చేతికి అది వస్తే, దేవుడి ఎదుట ఇలాగూ మాట్లాడవచ్చని తెలుస్తుంది. కార్డు వెనక వచనం ముందు రెండు, వెనక రెండు వచనాల సంఖ్యలు వేసి ‘జనవరిలో ఇవి చదవండి’ అని రాయండి.

ఇచ్ఛాపురం_గేటు

విలాపం కార్డు వచ్చినవాళ్లు మార్చుకోడానికి వస్తారు మాస్టారూ. పళ్లెంలో మళ్లీ చెయ్యి పెడతారు.

గుణుపూర్_మాస్టారు

వస్తారు. మార్చనీయకండి. నాలుగో వారం పాఠం అదే: తీసిన కార్డు ఎందుకు మార్చుకోవాలనిపించింది?

మహేంద్రతనయ_ఒడ్డు

సరిపోయింది. నాలుగు వారాలూ పడ్డాయి, చిత్తుప్రతి ఆదివారానికి పెడతాను. పిడికెడు బియ్యం డ్రమ్ముల మీద ‘ఉప్పుడు’, ‘పచ్చి’ అని చీటీలు అంటించమని కూడా రాశాను అక్కా.

నాగావళి_అక్క

ఒడియా అక్షరాల్లో ‘ఉసునా’, ‘అరువా’ అని కూడా రాయించు తమ్ముడూ. డబ్బా పట్టుకుని గుడికి వచ్చేది పిల్లలు. ఒడియా బడికి పోతున్నారు, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. చీటీ తెలుగులోనే ఉంటే మళ్లీ రెండూ ఒకే డ్రమ్ములో పడతాయి.